కళ్లారా చూడందే చెయ్యి వేయొద్దు
(రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కోతలు మొదలయ్యాయంటే దివిసీమ నుంచి గుడివాడ దాకా మనందరిదీ ఒకటే బెంగ. కళ్లంలో ధాన్యం, కాలవ గట్టున మోటారు, చెరువులో ఏరేటరు తెల్లారేసరికి ఉంటాయో లేదో! అప్పు తెచ్చి కొన్న మోటారు పోతే ఆ కడుపుమంట ఎలాంటిదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. దొంగను పట్టుకునే హక్కు కొంతమేరకు మనకుంది. శిక్షించే హక్కు మాత్రం లేదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మామూలు మనిషి కూడా అరెస్టు చేయవచ్చు. కోర్టు ప్రకటిత నేరస్తుడి సంగతి వేరు. మిగతా ఎవరినైనా పట్టుకోవాలంటే నేరం మన కళ్లెదుటే జరగాలి. అది వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగినదీ, నాన్‌బెయిలబుల్‌దీ అయి ఉండాలి. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి.

రాత్రి మోటారు పోయింది. పొద్దున్నే గట్టు మీద కొత్త మనిషి సంచిలో రాగి తీగతో కనబడ్డాడు. దొంగతనం మనం చూశామా? లేదు. సహేతుకమైన అనుమానం మీద అరెస్టు చేసే అధికారం పోలీసులది, మనది కాదు. మనం చేయాల్సింది 112కు ఫోన్ చేయడం.

ఇంకో చిక్కుంది. 5,000 రూపాయల లోపు చోరీని చట్టం బెయిలబుల్ నేరాల్లో చేర్చింది. 2025-26లో ఉన్న క్వింటాలు 2,369 రూపాయల మద్దతు ధరన లెక్కేస్తే 75 కిలోల బస్తాలు రెండు కలిపినా 3,554 దాటవు. అలాంటప్పుడు అడ్డుకుని మన బస్తా మనం తీసుకోవచ్చు, అదీ అవసరమైనంత బలంతోనే. మనిషిని నిర్బంధిస్తే కేసు మన మీదకే వస్తుంది. కొట్టి నేరం ఒప్పిస్తే ఏడేళ్ల దాకా జైలు.

2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న వాట్సాప్ పుకారు నమ్మి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. తప్పు పుకారుది అంటే పోయిన ప్రాణం తిరిగొస్తుందా?

మన అనుమానం ముందుగా ఎవరి మీదకు పోతుందో కూడా ఆలోచించాలి. యానాదుల మీదకు, ఎరుకల మీదకు, పని వెతుక్కుంటూ వచ్చిన వలస కూలీ మీదకు. తెల్లదొరలు 1871లో కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులని చట్టం చేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. మన మనసుల్లోనూ రద్దు కావాలి.

‘పోలీసులు పట్టించుకోరు కదా’ అంటారు. నిజమే, ఆ బాధ మనకూ తెలుసు. దానికీ దారుంది. మోటారు చోరీ ఫిర్యాదును స్టేషన్‌లో నమోదు చేయకపోతే మచిలీపట్నంలోని జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపవచ్చు. నమోదు చేస్తే ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇచ్చి తీరాలి. ఒంటరి రైతు వెళ్తే తిప్పి పంపుతారేమో! పదిమందిమి కలిసి వెళ్దాం. సంఘం ఉన్నది అందుకే.

వంతుల వారీగా కాపలా కాద్దాం. మోటారు నంబర్లు రాసిపెట్టుకుందాం. చేతిలో టార్చి, ఫోను ఉంటే చాలు, తాడు వద్దు.