పిడికెడు బియ్యం



ప్రొద్దున లేచింది మొదలు మన నోటివెంట వచ్చే మాటల్ని ఒక్కరోజు గమనించి చూడండి. పాలు పలచగా వున్నాయి, కుళాయి సన్నగా వస్తోంది, పిల్లవాడు టిఫిను వదిలేశాడు, పనిమనిషి ఇంకా రాలేదు. పాలు చిక్కగా వచ్చిన రోజున ఆ సంగతి ఎవరితోనైనా అన్నామా? నేనూ అంతే. ప్రార్థన కూటంలో పదిసార్లు 'స్తోత్రం' చెప్పి వచ్చి, గుమ్మంలోనే సణుగుడు మొదలుపెట్టేదాన్ని.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగుల సంగతి వుంది. వెళ్ళి యాజకులకు కనబడమని యేసు వారిని పంపితే, దారిలోనే అందరికీ నయమైంది. తిరిగి వచ్చి ఆయన పాదాలమీద పడినవాడు ఒక్కడే. అతడూ యూదులు చిన్నచూపు చూసే సమరయుడు. మిగతా తొమ్మండుగురినీ మనం తేలిగ్గా తిట్టిపోస్తాంగాని, నాకు వాళ్ళమీద జాలే. చెప్పిన పనిమీదే పోయారు పాపం! ఎన్నాళ్ళకో ఇల్లు చేరబోతున్నామన్న తొందర. మన తొందరలూ అలాంటివే, చెడ్డవేం కావు.

మా అత్తగారికి పిడికెడు బియ్యం తీసే అలవాటుండేది. పెద్దవాళ్ళకు తెలిసేవుంటుంది. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పూటకో పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం గుడికి పట్టుకెళ్ళటం. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఇలాంటి పద్ధతి అక్కడ ఈనాటికీ సాగుతోంది.

మావారు పనిచేసే ఫాక్టరీ మూతపడి ఆరు నెలలు జీతం రాలేదు. అప్పుడు నేను ఆ డబ్బా బోర్లించేశాను. "మనకే చాలటంలేదు అత్తయ్యా, ఆ సంగతి దేవుడికి తెలీదా?" అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. నాలుగు రోజులు పోయాక చూద్దునుగదా, డబ్బా మళ్ళీ నిలబడి వుంది! ఆవిడ రాత్రిపూట తినటం మానేసి, ఆ బియ్యం అందులో వేస్తున్నారు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, "పిడికెడు తియ్యాలంటే బియ్యంకేసి చూడాలి కదమ్మాయ్. చూస్తేగాని ఇంకా వున్నాయని తెలీదు" అన్నారు.

ఆవిడ పస్తుండటానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. ఆవిడ రాత్రి తినేటట్టు, నేను అరపిడికెడు తీసేటట్టు రాజీపడ్డాం. ఆ ఆరునెలలూ ఎలాగో గడిచాయి.

ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు. కృతజ్ఞత పేరు చెప్పి ఆడవాళ్ళ నోరు మూయించటం మన ఇళ్ళలో వుంది. తాగి వచ్చి కొట్టే మొగుడున్న పిల్లతో, "వున్నదానికి దేవుణ్ణి స్తుతించు" అనే పెద్దమ్మల్ని చూశాను. అన్ని పరిస్థితులలోనూ కృతజ్ఞులై వుండమన్నాడు పౌలు. జరిగిన అన్యాయానికి కృతజ్ఞత చెప్పమనలేదు. ఫిలిప్పీలో బెత్తాలతో కొట్టి చెరసాలలో వేస్తే, అర్ధరాత్రి స్తుతిపాటలు పాడాడు. తెల్లవారాక అధికారులు వెళ్ళిపొమ్మని కబురు చేస్తే మాత్రం కదలలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా కొట్టారు, ఇప్పుడు చాటుగా పొమ్మంటారా, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలని పట్టుబట్టాడు. రాత్రి పాడినదీ, ప్రొద్దున నిలదీసినదీ ఒకే మనిషి.

అత్తగారు పోయి ఆరేళ్ళయింది. డబ్బా ఇప్పుడు నా చేతిలో వుంది. "మీవల్ల గడిచింది అత్తయ్యా" అన్న మాట మాత్రం ఆవిడ బతికుండగా ఒక్కసారీ అనలేదు. మనసులో వుంది కదా అనుకున్నాను. ఆ తొమ్మండుగురి మనసులోనూ వుండేవుంటుంది.

అందుకని ఈమధ్య పైకి అనటం నేర్చుకుంటున్నాను. మన ఇళ్ళలో అలవాటు లేని పని కనుక మొదట నవ్వులాటగానే వుంటుంది. మొన్న ప్రొద్దున, "ఇవాళ పాలు బాగున్నాయి నాయనా" అన్నాను పాలబ్బాయితో. అతను కంగారుపడిపోయి, "ఏమైందమ్మా, వేరేచోట పోయించుకుంటారా?" అని అడిగాడు.