ఉలికిపాటు పిరికితనం కాదు



పెద్ద చప్పుడైతే కనురెప్ప టక్కున పడుతుంది. కంటిని కాపాడడానికి ఒళ్లు చేసే పని అది. ఆడ, మగ అందరికీ పడుతుంది. వద్దన్నా ఆగదు.

అమెరికాలో లాంగ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు దీన్ని పరీక్షించారు. 1988లో ఆ సంగతి అచ్చయింది. విద్యార్థులకు బొమ్మలు చూపించారు. చూస్తుండగా ఉన్నట్టుండి గట్టి చప్పుడు వినిపించారు. భయపెట్టే బొమ్మ చూస్తున్నప్పుడు రెప్ప గట్టిగా పడింది. మనసుకు నచ్చే బొమ్మ చూస్తున్నప్పుడు మెత్తగా పడింది. చప్పుడు ఒక్కటే. బొమ్మలే వేరు.

అంటే కళ్ల ముందు ఉన్నదాన్ని బట్టి ఉలికిపాటు పెరుగుతుంది, తగ్గుతుంది.

కాబట్టి ఉలిక్కిపడ్డ పిల్లను పిరికిదని వెక్కిరించకండి. గాలి సోకిందని తాయెత్తు కట్టకండి. ఏం చూసి బెదిరిందో అడగండి. దగ్గరకు తీసుకోండి. ధైర్యం చెప్పండి.