గీతతో సాగిన సంభాషణ

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి ఐవన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి సమర్పించిన పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం, మనిషికీ కంప్యూటరుకూ నడుమ జరిగే సంభాషణను అక్షరాల నుంచి గీతల వైపు మళ్లించింది. సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన క్లాడ్ షానన్ పర్యవేక్షణలో, లింకన్ ప్రయోగశాలలోని టీఎక్స్-2 యంత్రంపై ఆయన రూపొందించిన ఆ వ్యవస్థ పేరు స్కెచ్‌ప్యాడ్.

అప్పట్లో కంప్యూటరుకు పని చెప్పాలంటే సాధారణంగా ఆదేశాలను చిల్లుల కార్డులపై నమోదుచేసి, ఫలితం కోసం వేచివుండవలసి వచ్చేది. స్కెచ్‌ప్యాడ్‌లో మాత్రం లైట్ పెన్నును, అంటే తెరపై వెలుగును పసిగట్టి తానున్న చోటును యంత్రానికి తెలిపే కలాన్ని, తెరకు ఆనించి కదిపితే గీత వెంటనే రూపుదిద్దుకునేది. అంతకన్నా లోతైన ఊహ నిబంధనలది: రెండు గీతలు సమాంతరంగా ఉండాలనో, భుజాలన్నీ సమానం కావాలనో సూచిస్తే, చేతితో వంకరగా గీసిన బొమ్మను కంప్యూటరే సరిదిద్దేది. మూలరూపాన్ని మారిస్తే దాని ప్రతులన్నీ వాటంతట అవే మారే ఏర్పాటు కూడా అందులోనే ఉంది; ఒక విద్యార్థి గ్రంథంలో ఇన్ని ఆలోచనలు ఒదగడం నిజంగా అబ్బురమే.

తర్వాత హార్వర్డ్‌లో తలకు ధరించే త్రిమితీయ తెరను నిర్మించి, యూటా విశ్వవిద్యాలయంలో బోధించిన సదర్లాండ్‌కు 1988లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.