ముప్పైనాలుగేళ్లు ఆలస్యమైన సవరణ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వంటశాల నుంచి ఓళిగల వాసన వస్తోంది. అది మీకూ వస్తోందని తెలుసు కాబట్టి తొందరగానే ముగిస్తాను.

మన కార్యదర్శి గారు "ఇంజనీరు కదా, ప్రాజెక్టుల గురించి రెండు ముక్కలు చెప్పప్పా" అన్నారు. ప్రాజెక్టుల సంగతి చివర్లో చెబుతాను. ముందు నా మొదటి ఉద్యోగం గురించి చెప్పాలి. అది ఇంజనీరు ఉద్యోగం కాదు. నా బ్యాచ్ వాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు.

1985లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. 1991లో సివిల్ ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చింది. ఉద్యోగం మాత్రం రాలేదు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పేవాళ్లు లేరు. ఇంట్లో నాయన ఏమీ అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. హైదరాబాదులో మా ఊరాయన ఒకరు ఒక చిన్న పబ్లిక్ రిలేషన్స్ ఏజెన్సీలో పనిచేసేవారు. "తెలుగు బాగా రాస్తావు కదా, ఆరు నెలలు ట్రైనీగా చేరు" అన్నారు. ఇప్పటి పిల్లలు ఇంటర్న్ అంటారే, అదే. నెలకు ఆరు వందలు. చిక్కడపల్లిలో నలుగురం కలిసి ఒక గది, కింద మెస్సు.

పబ్లిక్ రిలేషన్స్ అంటే ఏమిటో నాకప్పటికి తెలియదు. మొదటి వారం నాకిచ్చింది కత్తెర, జిగురు, ఒక స్కేలు. పొద్దున్నే అన్ని పేపర్లూ తిరగేసి, మా క్లయింట్ల పేరున్న వార్త కత్తిరించి, తెల్లకాగితం మీద అతికించి, కింద పేపరు పేరు, తేదీ, పేజీ నంబరు రాయాలి. తరువాత స్కేలుతో ఆ వార్త ఎన్ని కాలమ్ సెంటీమీటర్లో కొలవాలి. అంత స్థలంలో ప్రకటన వేయిస్తే ఎంతయ్యేదో లెక్కగట్టి క్లయింటుకు చూపించేవాళ్లు. నాలుగేళ్లు సర్వే చదివినవాణ్ని, చివరికి కొలిచింది పేపరు ముక్కల్ని.

రెండో నెలలో ప్రెస్‌నోట్ రాయమన్నారు. నేను మన సైన్సు సారు నేర్పిన పద్ధతిలో రాశాను. ఉద్దేశం, పరికరాలు, చేసిన విధానం, చిట్టచివర ఫలితం. మా పెద్దాయన చదివి, "దీన్ని తలకిందులు చెయ్యి" అన్నారు. పేపరులో స్థలం చాలకపోతే సబ్‌ఎడిటరు కింద నుంచి కోసుకుంటూ వస్తాడట. అసలు సంగతి చివర్లో పెడితే మొదట పోయేది అదే. ఆ తరువాత టైపు చేయించి, కార్బన్ కాపీలు కవర్లలో పెట్టుకుని సోమాజిగూడ, దోమలగూడ, సికింద్రాబాదు సిటీ బస్సుల్లో తిరిగి ప్రతి ఆఫీసులోనూ సాయంత్రంలోపు ఇచ్చి రావాలి. ఆలస్యమైతే అది వార్త కాదు, చెత్తకాగితం.

పని లేని మధ్యాహ్నాల్లో ఆయన ఈ వృత్తి కథలు చెప్పేవారు. ఒకటి ఐవీ లీ అనే అమెరికా ఆయన కథ. 1906 అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీది నుంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా పోయారు. అలాంటివి దాచిపెట్టడం అప్పటి రైల్వే కంపెనీల అలవాటు. దాచొద్దు, జరిగింది మనమే రాసిద్దాం, విలేకరులను చోటికి తీసుకుపోదాం అన్నాడు లీ. ప్రెస్‌నోట్‌కు అదే మొదలని చాలామంది చెబుతారు. అదే మనిషి 1914లో కొలరాడో బొగ్గుగనుల సమ్మెలో యజమానుల తరఫున కరపత్రాలు వేశాడు. కంపెనీ వాళ్లిచ్చిన లెక్కలు సరిచూడకుండానే అచ్చేశాడు. వాటిలో తప్పులున్నాయి. తరువాత విచారణ సంఘం ముందు, తాను సరిచూడలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఈ కథ విన్న నెలలోపే నేనూ ఆ పనే చేశాను.

కడప జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ మా క్లయింటు. పేరు చెప్పను, ఇప్పుడు ఆ చేతుల్లో లేదు కూడా. మన వైపు నేలంతా సున్నపురాయి, నాపరాయి కదా, ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటితోపాటు దుమ్మూ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నారు. దానికి జవాబుగా ప్రెస్‌నోట్ కావాలి. "నువ్వు ఆ వైపువాడివే కదా, నువ్వు రాయి" అన్నారు. క్లయింటు పంపిన కాగితాలు ముందు పెట్టుకుని రాశాను. మూడో వాక్యం ఇప్పటికీ నాకు కంఠస్థం: "పరిసర గ్రామాల్లో దుమ్ము సమస్య లేదు." అయిదే మాటలు. మరుసటి రోజు రెండు పేపర్లు ఒక్క అక్షరం మార్చకుండా వేశాయి. పద్దెనిమిది కాలమ్ సెంటీమీటర్లు. నేనే కొలిచాను, సంతోషంగా.

సంక్రాంతికి ఇంటికొచ్చి, మా మేనమామ ఊరికి పోయాను. ఆ ఊరు ఫ్యాక్టరీకి రెండు మైళ్లు. మామ పేపరు దాచిపెట్టినాడు. అల్లుడు పేపరులో రాస్తాడని రచ్చకట్ట మీద అందరికీ చూపించినాడట. చదువు రానివాళ్లకు చదివి కూడా వినిపించినాడట. విన్నవాళ్లు ఏమన్నారో నాకు చెప్పలేదు. అన్నం తిన్నాక "రా అల్లుడా" అని మిద్దె పైకి తీసుకుపోయినాడు. మంచం మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కనున్న ఇత్తడి బిందె మూత మీద వేలితో గీసి, ఆ వేలు నాకు చూపించినాడు. బూడిదరంగు పిండి.

"దీన్ని ఏమంటారు అల్లుడా, మీ పట్నంలో?"

నేను మాట్లాడలేదు. ఆయన తిట్టలేదు. "నువ్వు రాయకుంటే ఇంకొకడు రాస్తాడులే. అయినా మన ఊరే కదా, ఒకసారి వచ్చి చూసి రాసింటే బాగుండు" అన్నాడు, అంతే.

హైదరాబాదు వెళ్లి పెద్దాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఊరకుండి, "ఆ వాక్యం వాళ్లిచ్చారు. సంతకం పెట్టింది ఏజెన్సీ. రాసింది నువ్వు. ముగ్గురిలో ఒక్కరం కూడా చూడలేదు" అన్నారు. సవరణ పంపుదామని అడిగాను. క్లయింటు ఒప్పుకోలేదు. నేను ఆవేశంగా రాజీనామా చేశానని మీరు అనుకుంటారేమో. లేదు. ఆరు వందలు కావాలి. ఇంకో రెండు నెలలు అక్కడే కత్తిరించి, అతికించి, కొలిచాను. తరువాత ఇంజనీరు ఉద్యోగం వచ్చింది, నీళ్ల పనుల్లోకి వచ్చేశాను.

ఇక్కడ కూడా అదే పాఠం మళ్లీ ఎదురైంది. మన కె.సి. కాలువ కథే చూడండి. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ లండన్‌లో వాటాలు అమ్మి, పది లక్షల పౌండ్ల పెట్టుబడికి ప్రభుత్వం చేత అయిదు శాతం వడ్డీ హామీ తీసుకుని, 1863లో పని మొదలుపెట్టింది. సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వారు. నీళ్లొచ్చాయి, రైతులు మాత్రం రాలేదు. నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి వేసుకునేవాడికి, వాన పడిన ఏడాది డబ్బు కట్టి కాలువ నీళ్లు ఎందుకు? కంపెనీ నష్టాల్లో పడి, 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. లండన్‌లో వాటాదారులకు నచ్చేటట్టు చెప్పినవాళ్లు, రైతు దగ్గర కూర్చుని "నీకేం కావాల రెడ్డీ" అని ముందుగా అడగలేదు.

2009 అక్టోబరు 2 మీలో చాలామందికి గుర్తుంటుంది. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన రోజు. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద. ఇంజనీరని అందరూ నాకు ఫోన్లు చేశారు. నేను ఒక్కొక్కరికి సుంకేసుల దగ్గర ఎన్ని క్యూసెక్కులో లెక్కలు చెబుతున్నాను. ఈ బడిలో నా పక్క బెంచీవాడు, పాతబస్తీలో ఉండేవాడు, మధ్యలోనే అడ్డుకున్నాడు: "క్యూసెక్కులు నాకెందుకురా సామీ? పిల్లల్ని మిద్దె ఎక్కించాల్నా, ఊరు దాటించాల్నా, అది చెప్పు." నా లెక్కంతా నిజమే. కానీ వాడికి కావలసింది అందులో లేదు. "దాటించు, ఇప్పుడే" అన్నాను. ఆ తరువాత వచ్చిన ప్రతి ఫోనుకూ ఆ మాటే ముందు చెప్పాను, అంకెలు అడిగినవాళ్లకు మాత్రమే ఇచ్చాను. వాడు ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నాడు.

మన తెలుగు సారు లేఖారచన చెప్పేటప్పుడు, "ఎవరికి రాస్తున్నావో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయరా" అనేవారు. ఆ మార్కులు నాకు నిండుగా వచ్చాయి, పాఠం మాత్రం మిద్దె మీద వచ్చింది. పిల్లలూ, మీరు రేపు ఏ ఆఫీసులోనో ఇంటర్న్‌గా చేరుతారు. చిన్నపనే ఇస్తారు, చేయండి. కత్తెర పని నుంచి కూడా నేర్చుకోవచ్చు. కానీ మీ చేత్తో ఒక వాక్యం రాసేటప్పుడు, అది ఎవరి ఇంటి మీద పడుతుందో ఒకసారి పోయి చూసి రండి. పోవడానికి వీల్లేకపోతే, "చూడలేదు" అని రాయండి.

చివరగా ఒక విన్నపం. ఈ ప్రసంగాన్ని సావనీరులో వేస్తామన్నారు. మా మామ ఇప్పుడు లేడు. ఆనాడు ఏ పేపరూ వేయని సవరణను మన సావనీరులో వేయండి: "1992 జనవరిలో నేను రాసిన ప్రెస్‌నోట్‌లోని మూడో వాక్యం తప్పు. ఆ ఊళ్లో దుమ్ము ఉండింది. నేను చూశాను."