హ్యాండ్‌హెల్డా, పీసీనా? దోర్నాల చెక్‌పోస్ట్ దగ్గర ఒక రాత్రి

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా మేనమామ కొడుకు. ఊరు ఆళ్లగడ్డ, నంద్యాలలో బీటెక్ సెకండియర్. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "బావా, డెబ్బై వేలు ఉన్నాయ్. ఆర్పీజీలు ఆడాలంటే హ్యాండ్‌హెల్డ్ కొనాలా, పీసీ కట్టించుకోవాలా? ఒక్క మాటలో చెప్పు" అన్నాడు.

ఒక్క మాటలో చెప్పలేకపోయా. ఎందుకంటే మా మామ రాతి శిల్పి. ఆళ్లగడ్డ విగ్రహాల గురించి మీలో చాలామంది వినే ఉంటారు. ఆ డెబ్బై వేలు ఒక ఆర్డర్ డబ్బు, అంటే నెలల తరబడి దుమ్ము పీల్చి ఉలి పట్టిన డబ్బు. "గ్రాఫిక్స్ బాగుంటాయ్, పీసీ తీస్కో" అని ఫోన్ పెట్టేయడానికి నోరు రాలేదు. అందుకే ఈ ఎపిసోడ్. రేయ్, నువ్వు కూడా చివరిదాకా చూడు.

ముందు ఆర్పీజీ అంటే ఏంటో తెలీని వాళ్లకి రెండు ముక్కలు. రోల్ ప్లేయింగ్ గేమ్. ఒక పాత్రలో మీరు ఉంటారు, ఎదుటివాడు మాట్లాడతాడు, మీరేం జవాబివ్వాలో మీరే ఎంచుకుంటారు, కథ అటే పోతుంది. చాలా ఆర్పీజీల్లో కాల్చడం కంటే చదవడం ఎక్కువ. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో పది లక్షలకు పైగా పదాలున్నాయి. అది ఆడటం అంటే చదవడమే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ జాతి గేములు పుట్టింది కంప్యూటర్ల మీదే. 1981లో ఆపిల్ 2 మీద అల్టిమా, విజర్డ్రీ వచ్చాయి. 1986లో డ్రాగన్ క్వెస్ట్ జపాన్‌లో టీవీ ముందుకి తెచ్చింది. 1996లో పోకెమాన్ గేమ్ బాయ్‌తో జేబులోకి వచ్చింది. 2009లో డ్రాగన్ క్వెస్ట్ తొమ్మిదో భాగాన్ని నింటెండో డీఎస్ మీదే రిలీజ్ చేశారు, అంటే జపాన్‌లో అంత పెద్ద పేరున్న సిరీస్ మెయిన్ గేమే హ్యాండ్‌హెల్డ్‌కి వచ్చేసింది. కాబట్టి "చేతిలో ఆడేది అసలు ఆర్పీజీ కాదు" అనేవాళ్ల మాట పట్టించుకోకండి.

ఇక నా కథ. 2019లో ఉద్యోగం రాగానే హైదరాబాద్‌లో రూమ్‌లో పీసీ కట్టించా. ఫస్ట్ గేమ్ విచర్ 3. అది 2015 గేమ్, నేను లేటుగా వచ్చా. తలుపేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శని ఆదివారాలు రెండూ. రూమ్మేట్ అన్నం పెట్టి పిలిచినా వినపడేది కాదు. అందులో బ్లడీ బ్యారన్ అని ఒక కథ ఉంది, ఆడినవాళ్లకి తెలుసు. ఒక తాగుబోతు సైనికాధికారి, పెళ్లాం కూతురు ఇద్దరూ ఇంట్లోంచి వెళ్లిపోయారు. వీడు కొట్టిన దెబ్బలకి పెళ్లానికి కడుపు పోయింది. పేరు పెట్టకుండా పూడ్చిన ఆ బిడ్డ దయ్యమై లేచింది. అక్కడ మీకు రెండు దారులు. దాన్ని చంపేయొచ్చు, లేదా తండ్రి చేత ఎత్తించి, గడప కింద పూడ్పించి, పేరు పెట్టించి శాంతి చేయించొచ్చు.

నేను చంపేశా. ఎందుకంటే ఫైట్ వస్తుంది, ఎక్స్‌పీరియెన్స్ పాయింట్లు వస్తాయి. నిజంగా అంతే. రెండో ఆలోచన లేదు.

2020 లాక్‌డౌన్‌లో పీసీని ఆళ్లగడ్డకి తెచ్చుకున్నా. మే నెల ఎండలు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. మూడు గంటలు ఆడి సేవ్ చేయకుండా ఒక గుహలో ఉన్నా, టప్‌మని పోయింది. మొత్తం పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అది ఫ్యాన్లకీ లైట్లకీ. పీసీ గేమ్ ఆడుతుంటే మూడు నాలుగొందల వాట్లు లాగుతుంది, మూడు గంటలాడితే దాదాపు యూనిట్ కరెంటు. ఇన్వర్టర్‌కి తగిలిస్తే మా నాయన నన్ను తగిలించేవాడు.

తర్వాత ఉద్యోగం మానేసి ఈ చానెల్ మొదలుపెట్టా. అమెరికా నుంచి వస్తున్న ఫ్రెండ్ చేత స్టీమ్ డెక్ తెప్పించుకున్నా. వాల్వ్ కంపెనీ దాన్ని మన దేశంలో నేరుగా అమ్మదు, కాబట్టి పాడైతే వారంటీ సంగతి మీరే చూసుకోవాలి. ఇది రివ్యూల్లో చిన్న అక్షరాల్లో రాస్తారు, నేను పెద్దగా చెప్తున్నా. ఆసుస్ ఆర్ఓజీ ఆలీ మాత్రం 2023 జూలైలో ఇక్కడే 69,990కి రిలీజ్ అయింది. మావాడు లెక్కేసుకున్న డెబ్బై వేలు అదే అనుకుంటా.

ఇప్పుడు కార్తీక మాసం. మా జేజికి శ్రీశైలం మొక్కు. అమ్మ, నాయన, జేజి, నేను, కారు తోలేది చిన్నాయన. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల, అక్కణ్నుంచి వెలుగోడు, ఆత్మకూరు, ఆ తర్వాత నల్లమల అడవి, దోర్నాల, పైకి ఘాట్. వెలుగోడు దాటాక టైర్ పంక్చర్. స్టెప్నీలో గాలి లేదు. అది చూసుకోవాల్సింది నేనే, చిన్నాయన ఇప్పటికీ అంటాడు. దోర్నాల చేరేసరికి ఫారెస్ట్ చెక్‌పోస్ట్ మూసేశారు. అది పులుల అడవి, రాత్రిపూట బండ్లు పోనివ్వరు. తెల్లారేదాకా కార్లోనే.

నాయన, చిన్నాయన, అమ్మ నిద్రపోయారు. జేజికి నిద్ర రాదు. నేను డెక్ తీశా. ఇక్కడ రెండు టెక్నికల్ విషయాలు.

ఒకటి, సిగ్నల్. అడవి దారిలో ఫోన్ డేటా మీద ఆశ పెట్టుకోవద్దు. స్టీమ్‌లో ఆఫ్‌లైన్ మోడ్ ఉంది, కానీ ఇంట్లో నెట్ ఉన్నప్పుడే గేమ్ ఒకసారి ఓపెన్ చేసి, అప్డేట్లన్నీ అయిపోయాయని చూసుకుని బయల్దేరాలి. లేకపోతే అడవి మధ్యలో లాగిన్ అడుగుతుంది.

రెండోది, సస్పెండ్. పవర్ బటన్ నొక్కితే గేమ్ ఎక్కడుందో అక్కడే ఆగుతుంది. ప్రాసెసర్ పనాపేస్తుంది, ర్యామ్‌కి మాత్రం కొంచెం కరెంటు వెళ్తుంటుంది, అందులో గేమ్ అలాగే కూర్చుని ఉంటుంది. విండోస్ పీసీలో స్లీప్ పెట్టి లేపితే కొన్ని గేములు లేవవు, తెలుసు కదా. కానీ సస్పెండ్ అంటే సేవ్ కాదు! బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ర్యామ్‌లో ఉన్నది పోతుంది. ఫోన్‌లో అయితే ఇంకా ఘోరం. వాట్సాప్ చూసొచ్చేలోపు మెమరీ చాల్లేదని ఆండ్రాయిడ్ మీ గేమ్‌ని వెనక నుంచి తీసేస్తుంది. సేవ్ చేసి లేవండి.

బ్యాటరీ లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తా. నాది మొదటి మోడల్, 40 వాట్ అవర్. పెద్ద గేమ్ ఆడితే మొత్తం మెషీన్ ఇరవై పైన వాట్లు తాగుతుంది, అంటే రెండు గంటల్లోపే అయిపోతుంది. ఫ్రేములు తగ్గించి, వెలుతురు తగ్గించి లాక్కోవాలి. పవర్‌బ్యాంక్ లేకుండా శ్రీశైలం దారి పట్టొద్దు.

సరే, ఆడుతున్నా. మళ్లీ విచర్ 3నే, మొదట్నుంచి. పక్కనుంచి జేజి అడిగింది, "ఏంది నాయనా, చీకట్లో అంతసేపు చదువుతాండావు?"

గమనించారా? ఆడుతున్నావు అనలేదు, చదువుతున్నావు అంది. నేను నవ్వి, కథ జేజీ అన్నా. "చెప్పు మరి, ఒక్కడివే సదువుకుంటే ఎట్లా" అంది.

చెప్పడం మొదలుపెట్టా. స్క్రీన్ మీద ఇంగ్లీషు, నా నోట్లో తెలుగు. నేను ఆడిన ఏ ఆర్పీజీలోనూ తెలుగు లేదు. పీసీ ముందైతే ఇది జరిగేది కాదు. అది గోడవైపు తిరిగి ఉంటుంది, మనం దానివైపు, ఇంట్లోవాళ్లకి కనపడేది మన వీపు. డెక్ తొడ మీద ఉంది, ఆమె తల నా భుజం దగ్గర ఉంది. బ్యారన్ కథ వచ్చింది. "తాగి పెండ్లాన్ని కొట్టినాడా? వీనికి బుద్ధి లేదు" అని తిట్టింది. బిడ్డ దగ్గరికొచ్చింది. నేను రెండు దారులూ చెప్పా. పాత అలవాటు, బొటనవేలు చంపే ఆప్షన్ మీదికే పోయింది.

జేజి నా చెయ్యి పట్టుకుంది. "పేరు పెట్టమను. పేరు పెట్టకుండా ఎట్లా పోతాది ఆ బిడ్డ?"

పెట్టించా. ఆ సీన్ నేను హైదరాబాద్‌లో చూడనే లేదు. తండ్రి ఆ బిడ్డని ఎత్తుకుని వానలో నడుస్తాడు. జేజి ఏం మాట్లాడలేదు. బ్యాటరీ ఎర్రగా చూపిస్తే సేవ్ చేసి ఆపేశా.

పొద్దున గేటు తీశారు. ఘాట్ ఎక్కి, శిఖరేశ్వరం దాటి, సాక్షి గణపతి దగ్గర ఆగాం. అక్కడ వినాయకుడి చేతిలో కలం, పుస్తకం ఉంటాయి, శ్రీశైలం వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటాడని నమ్మకం. చిన్నప్పట్నుంచీ నాకది సేవ్ పాయింట్ లాగే అనిపిస్తుంది, సామీ క్షమించు. అందరం గోత్రం, పేర్లు చెప్పుకున్నాం. జేజి వరసగా కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు, మనవల పేర్లు చెప్పి, చివర్న "మల్లేశ్వరి" అంది.

మా ఇంట్లో మల్లేశ్వరి ఎవరూ లేరు.

తిరుగు ప్రయాణంలో అమ్మని అడిగా. మా నాయన కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట, బారసాల కాకముందే పోయిందట. అమ్మకి కూడా ఆ పేరు తెలీదు, అదే మొదటిసారి వినడం.

...సారీ, కట్ చేయట్లేదు, ఉండనీ.

కాబట్టి రేయ్, నీ ప్రశ్న. పీసీ ఎక్కడ గెలుస్తుందో దాచను. మౌస్‌తో ఆడే పాత పద్ధతి ఆర్పీజీలకి, స్కైరిమ్ లాంటి వాటికి మాడ్స్ వేసుకోవడానికి పీసీకి సాటి లేదు. బాల్డర్స్ గేట్ 3లో మూడో అంకం, ఆ పెద్ద ఊరు వచ్చేసరికి నా డెక్ ఆయాసపడింది. ఇక అక్షరాలు. డెక్ మీద "వెరిఫైడ్" ముద్ర కావాలంటే 1280×800 స్క్రీన్ మీద అక్షరం ఎత్తు 9 పిక్సెళ్లకి తగ్గకూడదని వాల్వ్ రూల్. ఇంగ్లీషుకి 9 సరిపోతాయేమో. రేపెప్పుడైనా తెలుగులో గేమ్ వస్తే, "స్త్రీ" అన్న అక్షరం కింద రెండు ఒత్తులు, పైన గుడి దీర్ఘం, 9 పిక్సెళ్లలో రాసి చూడండి. నల్ల చుక్క కనపడుతుంది. గేములు చేసే తెలుగు పిల్లలు ఎవరైనా వింటుంటే ఇప్పట్నుంచే ఆలోచించుకోండి.

హ్యాండ్‌హెల్డ్‌లో నాకు నచ్చని సంగతి ఇంకోటి. పీసీ దగ్గర్నుంచి లేస్తే ఆట అయిపోయినట్టు. ఇది మంచం మీదికొస్తుంది, బాత్రూమ్‌కొస్తుంది, పెళ్లి భోజనానికొస్తుంది. జేజి ఆ రాత్రి అడగకపోయుంటే ఆమె పక్కనే కూర్చుని కూడా నేను తల ఎత్తేవాణ్ని కాదు. ఆ మాట కూడా చెప్పాలి.

నీ దగ్గర కాలేజీ కోసం కొన్న లాప్‌టాప్ ఉంది. అందులో గ్రాఫిక్స్ కార్డు లేదని ఏడుస్తావు. 1998 నాటి బాల్డర్స్ గేట్, 1999 నాటి ప్లేన్‌స్కేప్ టార్మెంట్, 2015 అండర్‌టేల్, ఇవన్నీ దాంట్లో హాయిగా ఆడతాయి. ఫోన్‌లోనే స్టార్ వార్స్ కోటార్ ఉంది, 2003 నాటి పెద్ద ఆర్పీజీ. సేల్‌లో పట్టుకుంటే వీటికి పెద్ద ఖర్చేం కాదు. ఒక్కటి మొదట్నుంచి చివరిదాకా పూర్తి చెయ్. అప్పుడు ఎక్కడ కూర్చుని ఆడావో నీకే తెలుస్తుంది: టేబుల్ దగ్గరా, నంద్యాల బస్సులోనా. దాన్ని బట్టి కొను. అప్పటిదాకా ఆ డబ్బు మామ దగ్గరే ఉండనీ. కోపమొస్తే కామెంట్లలో తిట్టు, ఇంట్లో చెప్పను.

ఆ, మర్చిపోయా. నిన్న జేజి ఫోన్ చేసింది. "ఆ తాగుబోతోని పెండ్లాం దొరికిందా?" అని అడిగింది. ఇంకా లేదు జేజీ, దోర్నాలలో ఎక్కడ ఆపామో సేవ్ అక్కడే ఉంది, ఉగాదికొస్తా, వెతుకుదాం అన్నా. "ఆ ఛార్జర్ మర్చిపోవాకు" అంది.

ఉంటా మరి.