సైకిలు మీద సీలేరు

సెలవులు వచ్చినవంటే మనలో కొందరు తీర్థయాత్రకు, కొందరు సముద్రతీరానికి, ఎక్కువమంది బంధువుల ఇండ్లకు ప్రయాణమవుతారు. సైకిలు తొక్కడానికే ఊరు విడిచి పోయేవారు మనలో తక్కువ. ఐరోపావారికి ఇది వింత కాదు. మధ్యధరా సముద్రంలోని మయోర్కా ద్వీపానికి, అక్కడి కొండదారులలో సైకిలు తొక్కాలనే కోరికతో, ఏటా వేలాదిమంది మిత్రబృందాలుగా వెళుతుంటారు. ఆ దారులలో స కలోబ్రా ప్రసిద్ధమైనది. 1932లో ఆంటోనియో పారియెట్టి అనే ఇంజనీరు రూపకల్పన చేసిన ఆ దారి సుమారు పది కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ సముద్రపుటొడ్డుకు దిగుతుంది.

అటువంటి దారి కోసం సముద్రాలు దాటనక్కరలేదని మా మిత్రుడొకాయన వాదించాడు. తత్ఫలితంగా ఒక శీతకాలంలో నలుగురము, క్యారియర్లకు మూటలు కట్టుకొని, నర్సీపట్నం నుండి సీలేరుకు బయలుదేరాము.

నర్సీపట్నం మైదానంలో ఉన్నది. లమ్మసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ రెంటి మధ్య ఉన్న ఘాటీ ఎంతటి ఉత్సాహవంతునికైనా అరగంటలో వినయం నేర్పుతుంది. మొదట మాటలు తగ్గుతాయి. పిదప పాట ఆగుతుంది. ఆపైన ఒక్కొక్కరే బండి దిగి నెట్టుకొంటూ నడుస్తారు. మా సంగతీ అంతే.

ఒక మలుపు దగ్గర రాతి మీద కూర్చున్న వృద్ధుడు మా అవస్థ చూచి, “బస్సుంది గదా బాబూ, ఎందుకీ కష్టం?” అన్నాడు. “సరదాకు తాతా” అన్నాము. ఆయన నవ్వి, “ఈ దారికి మా తాతలు రాళ్లు కొట్టారు. వాళ్లది సరదా కాదు” అన్నాడు.

ఆ మాట వెనుక చరిత్ర ఉన్నది. బ్రిటిషు పాలనలో గూడెం డిప్యూటీ తహసీలుదారుగా ఉన్న బాస్టియన్ నర్సీపట్నం–చింతపల్లి దారి పనిని, న్యాయమైన కూలి ఇవ్వకుండా, గిరిజనుల చేత బలవంతంగా చేయించాడు. 1882 నాటి మద్రాసు అటవీచట్టం అప్పటికే వారి పోడు సేద్యానికి అడ్డు నిలిచింది. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన తిరుగుబాటుకు ఈ బాధలు ముఖ్యకారణాలు. 1922 ఆగస్టు 22న ఆయన దళం చింతపల్లి పోలీసు ఠాణా మీద పడి ఆయుధాలు పట్టుకొనిపోయింది. 2022లో ఏర్పడిన జిల్లాకు నేడు ఆయన పేరే ఉన్నది.

మరునాడు చింతపల్లి దాటాము. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకొన్న మిరియపు తీగెలు దారి పొడుగునా కనిపించాయి. సంతకు పసుపు కావళ్లు మోసుకొనిపోయేవారు ఎక్కుడులో మమ్ములను సునాయాసంగా దాటిపోయారు! గూడెం కొత్తవీధి, ధారకొండ దాటి సీలేరుకు దిగేసరికి మా బ్రేకు రబ్బర్లు సగం అరిగిపోయాయి.

సీలేరు నదికి ఎగువన మాచ్‌ఖండ్ అని పేరు. మేము చెమటోడ్చి సంపాదించిన ఎత్తును ఒక్క దిగుడులో ఖర్చు చేశాము. నది తన ఎత్తును మెట్టు మెట్టుగా దిగుతూ, మెట్టు మెట్టునా పని చేస్తుంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైనది. దాని దిగువన ఎగువ సీలేరు కేంద్రం 240 మెగావాట్లది. ఇంకా కిందుగా దిగువ సీలేరు కేంద్రం ఉన్నది. పిదప ఆ నీరు శబరిలో కలిసి, కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. మన ఇంటి దీపంలో, మన రేడియో పలుకులో ఈ నీటి పాలు ఏ కొంచెమో ఉండవచ్చును. మాచ్‌ఖండ్ జలాశయం కోసం ఇల్లూ పొలమూ విడిచి లేచిపోయినవారిలోనూ గిరిజనులే ఎక్కువ.

ఈ ప్రయాణం చేయదలచిన యువకులకు ఒకటి రెండు మాటలు. వానలు వెనుకబట్టిన తరువాత వెళ్లండి. బయలుదేరే ముందు బ్రేకులు పరీక్షించుకోండి. గాలిపంపు, పంక్చరు సామాను మరవకండి. పొద్దు కుంకకముందే ఊరు చేరండి. స కలోబ్రా దారికి ఇంజనీరు పేరు నిలిచింది. లమ్మసింగి ఘాటీలో రాళ్లు కొట్టినవారి పేర్లు మాకు ఏ మైలురాయి మీదా కనిపించలేదు. వారి మనుమలు, మునిమనుమలు మాత్రం సంతలో పసుపు, మిరియాలు పెట్టుకొని కూర్చుంటారు. వారి వద్ద బేరమాడకండి; అడిగిన ధర ఇవ్వండి. ఆ దారికి మనము చెల్లించగలిగిన సుంకం ఆ మాత్రమే.