పుస్తకంలో ఉన్న సముద్రం, నాన్నకి తెలిసిన సముద్రం

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా హైస్కూల్, ఇంటర్ చదివే పిల్లల కోసం. పెద్దవాళ్లు కూడా చూడొచ్చు, నష్టమేం లేదు.

ఈ మధ్య ఒక మెయిల్ వచ్చింది. రాసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. సముద్రం ఒడ్డున ఊరు. వాళ్ల నాన్న వేటకి వెళ్తారు. ఆమె అడిగింది ఇదీ: "అన్నా, మా నాన్నకి చదువు రాదు. కానీ సముద్రం గురించి ఏది అడిగినా చెప్తాడు. నా పుస్తకంలో ఉన్నవి ఆయనకి తెలీవు. ఆయనకి తెలిసినవి నా పుస్తకంలో లేవు. రెండూ ఒకే సముద్రమేనా?"

ఒకటే సముద్రం, చెల్లీ. అయితే ఆ మాట ఊరికే అనేస్తే సరిపోదు, చూపించాలి. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి. మా పనిలో ఒకే సిస్టమ్ గురించి కట్టినవాళ్లు రాసిన డాక్యుమెంట్ ఒకటి ఉంటుంది, రోజూ వాడేవాళ్లకి తెలిసిన సంగతులు ఇంకొన్ని ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అది ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. సముద్రం పాఠాన్ని కూడా అలాగే చదువుదాం.

ముందు పుస్తకం సంగతి. మహాసముద్రాలు ఎన్ని? పసిఫిక్, అట్లాంటిక్, హిందూ, దక్షిణ, ఆర్కిటిక్. అయిదు అని రాస్తే మార్కు వస్తుంది. కానీ నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ దక్షిణ మహాసముద్రాన్ని తన మ్యాపుల్లో అయిదోదిగా గుర్తించింది 2021లోనే. ఆ ఏడాది నీళ్లలో ఏ మార్పూ రాలేదు, మారింది మన మ్యాపు. నిజానికి భూమ్మీద 71 శాతం పరుచుకున్న నీరంతా ఒకదానికొకటి కలిసే ఉంది. 1992లో పసిఫిక్‌లో వెళ్తున్న ఒక ఓడ మీద నుంచి కంటైనర్లు పడిపోయి, 28 వేలకు పైగా ప్లాస్టిక్ బాతులు, తాబేళ్లు, కప్పల లాంటి ఆటబొమ్మలు సముద్రంలో కలిశాయి. కొన్ని నెలలకి వాటిలో కొన్ని అలాస్కా ఒడ్డున తేలాయి. అవి ఎక్కడెక్కడ తేలుతున్నాయో లెక్క రాసుకుని శాస్త్రవేత్తలు ప్రవాహాలను అధ్యయనం చేశారు. అందుకే అయిదు పేర్లూ గుర్తుపెట్టుకోండి, వాటి మధ్య గోడలు మాత్రం ఊహించుకోకండి.

రెండోది లోతు. సముద్రం సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. అన్నిటికంటే లోతైన చోటు పసిఫిక్‌లోని మరియానా అగాధం, సుమారు 10,900 మీటర్లు. ఎవరెస్టుని తీసుకెళ్లి అందులో పెడితే శిఖరం మీద ఇంకా రెండు కిలోమీటర్ల నీరు ఉంటుంది. ఇంత లోతులో మొక్కలాంటి జీవులు ఆహారం తయారు చేసుకునేంత వెలుతురు దిగేది పైన సుమారు 200 మీటర్ల వరకే. అంటే సముద్రంలో ఎక్కువ భాగం చీకటి.

ఆ పైపొరలోనే వృక్ష ప్లవకాలు ఉంటాయి. కంటికి కనపడనంత చిన్నవి. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటిదే. వీటిని జంతు ప్లవకాలు తింటాయి, వాటిని చిన్న చేపలు, చిన్న చేపల్ని పెద్ద చేపలు. చేపలన్నిటిలోకీ పెద్దదైన వేల్ షార్క్ కూడా నోరు తెరిచి, నీళ్లు వడగట్టి, ప్లవకాల్నీ చిన్న చేపల్నీ తిని బతుకుతుంది.

ఇప్పుడు నాన్న దగ్గరికి వద్దాం. వేటకి వెళ్లేవాళ్లు వల ఎక్కడ వేయాలో ఎలా తెలుసుకుంటారు? నీళ్ల రంగు చూస్తారు. పక్షులు ఎక్కడ గుంపుగా దిగుతున్నాయో చూస్తారు. నీరు ఎటు లాగుతోందో చూస్తారు. ఆ రంగు ఎందుకు మారుతుంది? చాలాసార్లు ప్లవకాలు ఎక్కువై. పక్షులు ఎందుకు దిగుతాయి? ప్లవకాల కోసం చేరిన చిన్న చేపల కోసం. మీ పుస్తకంలో 'ఆహారపు గొలుసు' అని బాణం గుర్తులతో ఉన్న బొమ్మనే ఆయన రోజూ తెల్లవారుజామున నీళ్ల మీద చదువుతున్నారు.

ఇదే పని ఉపగ్రహం కూడా చేస్తుంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో మొదలైంది. సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు ఏంటి అనుకోకండి, సునామీ హెచ్చరికలు వచ్చేది కూడా అక్కడి నుంచే. ఉపగ్రహం పై నుంచి సముద్రం రంగును కొలుస్తుంది, దాన్నిబట్టి పత్రహరితం ఎంతుందో లెక్కేస్తారు. నీటి ఉష్ణోగ్రత కూడా చూస్తారు. ఈ రెండూ కలిపి, ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో చేపలు దొరికే అవకాశం ఉందో తెలుగులో కూడా సూచనలు ఇస్తారు. నాన్న పడవలోంచి చూసే రంగు, ఉపగ్రహం ఆకాశంలోంచి చూసే రంగు ఒకటే.

మూడోది, మన బంగాళాఖాతం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే కలుస్తాయి. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. అందుకని అది పైన మూతలా పరుచుకుంటుంది, ముఖ్యంగా ఉత్తర భాగంలో. కింద ఉన్న పోషకాలు పైకి రావడం కష్టమవుతుంది. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాలు తక్కువగా పెరగడానికి ఇదొక కారణం. మన తీరం వెంట ప్రవాహం కూడా ఏడాది పొడవునా ఒకవైపే సాగదు. సుమారు ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరం వైపు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణం వైపు. మీ నాన్నని 'ఏ నెలలో నీరు ఎటు లాగుతుంది' అని అడగండి. పుస్తకంలో 'రుతుపవనాల వల్ల ప్రవాహాల దిశ మారును' అని ఒక్క లైన్లో ఉన్నది ఆయన పది నిమిషాలు చెప్తారు.

నాలుగోది పులస. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటారు గోదావరి వాళ్లు. సముద్రంలో ఉన్నప్పుడు దాని పేరు ఇలస. ప్లవకాలు తిని పెరుగుతుంది. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే నదిలోకి ఎదురీదుతుంది, గుడ్లు పెట్టడానికి. అప్పుడు దాని పేరు పులస. పిల్లలు మళ్లీ సముద్రానికి వెళ్లిపోతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాకి అన్నం పెట్టింది అదే, ఇలసకి దారి మూసిందీ అదే. రెండూ నిజాలే, ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

ఇంకో సంగతి గమనించండి. మన తూర్పు తీరంలో యంత్రాల బోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని. మంచిదే. కానీ పులస గుడ్లతో నదిలోకి వచ్చేది జూలై తర్వాత. అంటే ఆ 61 రోజులూ దానికి అక్కరకు రావు. మనం వేలకు వేలు పోసి కొనేది, గుడ్లు పెట్టడానికి వెళ్తూ దొరికిపోయిన చేపని. పులస ఎందుకు తగ్గిపోతోంది అని ఎవరైనా అడిగితే ఈ లెక్క చెప్పండి. భూగోళం, జీవశాస్త్రం, చరిత్ర మూడూ ఇందులోనే ఉన్నాయి.

అలాగని నాన్నకి తెలిసిందే చాలు, పుస్తకం ఎందుకు అనుకోకండి. ఆలివ్ రిడ్లీ తాబేలు సంగతి చూడండి. జనవరి నుంచి మార్చి మధ్య రాత్రిపూట మన ఒడ్డుకి వచ్చి ఇసుకలో గుడ్లు పెడుతుంది. అది పొదగదు, ఇసుక వేడికే సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఆ ఇసుక వేడే పిల్ల ఆడదా మగదా అన్నది నిర్ణయిస్తుంది. వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. భూమి వేడెక్కితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఇది ఎంత అనుభవం ఉన్నా కంటితో చూసి కనిపెట్టలేం. కొలిస్తేనే తెలుస్తుంది.

తాబేలు సరీసృపం, ఊపిరితిత్తులతో శ్వాస పీలుస్తుంది. పరీక్షలో ఇది ఒక మార్కు ప్రశ్న. ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే అదే దాని చావుకి కారణం. వలలో ఇనుప చట్రం ఒకటి బిగిస్తే తాబేలు పక్క కన్నంలోంచి బయటపడుతుంది, రొయ్యలు వెనక్కి వెళ్లి వలలోనే ఉంటాయి. కొన్ని చేపలు కూడా పోతాయని, డీజిల్ ఖర్చుకి అది నష్టమని బోటువాళ్ల బాధ. ఈ మాట మీద ఒడ్డున అధికారులూ మత్స్యకారులూ వాదించుకుంటూనే ఉంటారు. తాబేలు ఊపిరి సంగతీ, ఇంట్లో డీజిల్ లెక్కా రెండూ తెలిసిన మనిషి ఆ వాదన మధ్యలో ఒకరు ఉండాలి. చెల్లీ, ఆ మనిషి నువ్వు కావచ్చు. నీ దగ్గర రెండూ ఉన్నాయి, మాలాంటి వాళ్ల దగ్గర ఒకటే ఉంది.

సరే, ఇప్పుడు అందరికీ పని. ఒక నోటు పుస్తకం తీసుకుని పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు పాఠంలోని ఒక్కో వాక్యం రాయండి. కుడి వైపు, దాని గురించి వేటకి వెళ్లేవాళ్లో, చేపలమ్మే అమ్మో, తాతయ్యో ఏం చెప్పారో రాయండి. రెండూ కలవకపోతే కొట్టేయకండి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఆ ప్రశ్నని మీ సైన్స్ సార్ దగ్గరికి తీసుకెళ్లండి.

తీరానికి దూరంగా ఉన్నవాళ్లు చేపల మార్కెట్‌కి వెళ్లండి. వంజరం, చందువ, కానాగడత, ఏది కనపడితే అది. ఏ రేవు నుంచి వచ్చింది, ఏ నెలల్లో దొరుకుతుంది, ఏం తింటుంది, మూడు ప్రశ్నలు చాలు. హైదరాబాద్ పిల్లలు మూసీ నుంచి మొదలుపెట్టండి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీ వీధి కాలువలో పడేసిన కవర్ ఆ దారి పట్టదని గ్యారంటీ లేదు.

పది ప్రశ్న గుర్తులు పోగైతే నాకు రాయండి. వాటిలో కొన్ని తీసుకుని, తెలిసినవాళ్లని అడిగి ఇంకో ఎపిసోడ్ చేద్దాం. అందాకా సెలవు, నమస్తే.